ముప్పై అయిదో వంతు ట్యాంకు

ఏ సైన్స్ ఫెయిర్‌కి వెళ్లినా థర్మోకోల్ అగ్నిపర్వతం ఒకటి, అట్టముక్కల డ్యాము ఒకటి, తిరగని గాలిమర ఒకటి కనిపిస్తాయి. వాటన్నిటినీ మోడల్ అనే పిలుస్తాం. ఆ డ్యాము ముందు నిలబడి ‘ఇది అసలుదానిలో ఎన్నో వంతు బాబూ?’ అని అడిగి చూడండి. పిల్లవాడితో పాటు పక్కనున్న మాస్టారు కూడా తెల్లమొహం వేసే అవకాశమే ఎక్కువ. కొలత లేనిది బొమ్మ అవుతుంది గానీ మోడల్ కాదన్నది నా వాదన. ఈ పట్టుదల నాకు పెరగడానికి కారణం రెండో ప్రపంచయుద్ధం నాటి ఒక సోవియట్ ట్యాంకు.

దాని పేరు ఐఎస్-2. ఐఎస్ అంటే ఇయోసిఫ్ స్టాలిన్. 1944లో యుద్ధరంగంలోకి దిగింది. బరువు 46 టన్నులు, 122 మిల్లీమీటర్ల ఫిరంగి, 520 హార్స్‌పవర్ డీజిల్ ఇంజను, లోపల నలుగురు మనుషులు. ఢిల్లీని ఆనుకుని ఉన్న వైశాలిలో, మా ఫ్లాట్ బాల్కనీలో, దీన్ని 1/35 కొలతలో ప్లాస్టిక్ ముక్కలతో కడుతున్నాను. ఈ 1/35 ఎక్కడిదంటారా? 1960ల ఆరంభంలో జపాన్ సంస్థ తమియా పాంథర్ ట్యాంకు కిట్ తయారు చేసినప్పుడు, లోపల మోటారూ బ్యాటరీలూ పట్టేలా సైజు పెట్టుకుంది. తర్వాత లెక్కేస్తే అది దాదాపు 1/35 అని తేలింది. బ్యాటరీ చూసి పెట్టిన కొలతే క్రమంగా ప్రపంచమంతటా ట్యాంకు మోడళ్లకు వాడుక అయిపోయింది.

ఇక లెక్కలోకి వద్దాం. అసలు ట్యాంకు పొట్ట పొడవు, ఫిరంగి గొట్టం కలపకుండా, 6.77 మీటర్లు. మోడల్లో 19 సెంటీమీటర్ల పైచిలుకు. ముందువైపు 120 మిల్లీమీటర్ల ఉక్కు కవచం మూడున్నర మిల్లీమీటర్లవుతుంది. మరి బరువు? 46 టన్నులను 35తో భాగిస్తే టన్ను మీద మూడొందల కిలోలు వస్తుంది. అంత బరువుంటే నా బల్ల విరుగుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 35 రెట్లు తగ్గాయి కాబట్టి 35ను మూడుసార్లు గుణించి, 42,875తో భాగించాలి. అచ్చం అదే ఉక్కుతో, ఇంజనుతో సహా చేసినా మోడల్ బరువు కిలో దాటి కాస్త ఉంటుందంతే.

ఇక్కడి నుంచే అసలు తమాషా. బరువు ఘనంగా తగ్గింది, నేలను తాకే వైశాల్యం మాత్రం వర్గంగానే తగ్గింది. అసలు ట్యాంకు 650 మిల్లీమీటర్ల వెడల్పున్న రెండు గొలుసుపట్టీల మీద నిలబడుతుంది. అందువల్ల నేల మీద అది వేసే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.8 కిలోలే. అడుగు తీసి అడుగు వేసే క్షణంలో మన ఒంటికాలు మోపే ఒత్తిడికి ఇంచుమించు రెట్టింపు, అంతే! మోడల్లో అది మరో 35 రెట్లు పడిపోతుంది. ప్లాస్టిక్ అయితే ఇంకా తక్కువ. అందుకే మోడల్ కట్టేవాళ్లు బురదలో జాడలు చూపించాలంటే పట్టీలను వేళ్లతో అదిమి నొక్కాల్సిందే. పట్టీ పైభాగమూ అంతే. అసలు ట్యాంకులో ఉక్కు పట్టీ తన బరువుకే రోలర్ల మధ్య ఉయ్యాలలా కిందికి జారుతుంది. ప్లాస్టిక్ పట్టీకి ఆ బరువు చాలదు, బిగుసుకుని నిలబడుతుంది. జిగురు పెట్టి వంచాలి. గురుత్వాకర్షణ చేయాల్సిన పని నా చేతులు చేస్తున్నాయన్నమాట.

కాలం కూడా మారుతుంది. పడే వస్తువుకు పట్టే సమయం ఎత్తుకు వర్గమూలంగా ఉంటుంది కాబట్టి, 1/35 లోకంలో అన్నీ సుమారు ఆరు రెట్లు తొందరగా పడతాయి. చిన్న మోడళ్లతో పేలుళ్లు తీసే సినిమావాళ్లు కెమెరాను వేగంగా తిప్పేది అందుకే. ఈ వర్గమూలం ఆటల్లోనే ఆగిపోలేదు. విశాఖపట్నంలోని నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో పొడవైన నీటి తొట్టె ఉంది. అందులో ఓడల నమూనాలను లాగి పరీక్షిస్తారు. ఓడ 25వ వంతు అయితే వేగం 25వ వంతు కాదు, అయిదో వంతు ఉండాలి. అప్పుడే అలలు అసలు ఓడ లేపే అలల్లా లేస్తాయి. పంతొమ్మిదో శతాబ్దంలో విలియం ఫ్రౌడ్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు చూపించిన దారి ఇది.

రంగు దగ్గర మాత్రం తోటి మోడలర్లతో నాకు పేచీ ఉంది. దూరపు వస్తువులు గాలి వల్ల వెలిసినట్టు కనిపిస్తాయి కాబట్టి మోడల్‌కు రంగు కాస్త లేతగా వేయాలంటారు. 30 సెంటీమీటర్ల నుంచి మోడల్‌ను చూడటమంటే పదిన్నర మీటర్ల నుంచి అసలు ట్యాంకును చూడటం. నవంబరులో మా బాల్కనీ నుంచి చూస్తే ఎదురుగా ఉన్న అపార్టుమెంట్లే మాయమవుతాయి, నిజమే. కానీ పదిమీటర్ల గాలి ఆ పని చేయదు. ఎండతో పోలిస్తే గది వెలుతురు వందల రెట్లు తక్కువ, అందుకే ముదురాకుపచ్చ నల్లగా కనబడుతుందని నేననుకుంటాను. లేత రంగు వేయడం సరే, చెప్పే కారణమే సరికాదు.

యుద్ధయంత్రం మీద ఇంత ముచ్చట ఎందుకని మా ఇంట్లోనే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయిదు సెంటీమీటర్ల మనిషి బొమ్మను టరెట్ లోపల కూర్చోబెట్టబోతే మోకాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియదు. అంత ఇరుకులో, ఫిరంగి పొగలో, ఒక మనిషి 25 కిలోల గుండును ఎత్తి గొట్టంలోకి తోసి, మందు నింపిన తొడుగును మళ్లీ విడిగా ఎక్కించాలి. పెట్టె మీది ఏ అంకే ఇది చెప్పదు. నా ట్యాంకుకు జెండా పెట్టకపోవడానికి కారణం ఆ మనిషే.

బడిలో పిల్లలకు ఈ దిగుమతి కిట్లు అక్కర్లేదు, అంత ఖర్చూ వద్దు. వైశాలి మెట్రో స్టేషన్ కింద బారులు తీరే ఈ-రిక్షాల్లో ఒకదాన్ని టేపుతో కొలిచి, అట్టతో పదోవంతు మోడల్ చేయమనండి. పక్కన చీటీ మీద రెండే రాయాలి: ఇది ఎన్నో వంతు, అసలుదానిలో ఉన్న ఏ సంగతి ఇందులో ఆ వంతుకు లొంగలేదు. ఫెయిర్‌లో మార్కులు వేసేవాళ్లు మెరిసే కాగితాలకు కాకుండా ఆ రెండో జవాబుకు వేయాలి. రిక్షా బరువును వెయ్యితో భాగించి, తన అట్ట మోడల్‌ను కూరగాయల త్రాసులో పెట్టి, ‘మిగతా బరువు ఎటుపోయింది?’ అని ఎనిమిదో తరగతి పిల్ల అడిగిందంటే, ఇక బ్యాటరీల గురించి ఆ పిల్లకు ఎవరూ ప్రత్యేకంగా పాఠం మొదలుపెట్టనక్కర్లేదు.