పతకం దానం కాదు – రికార్డును సరిదిద్దడం ప్రభుత్వ బాధ్యత



రైల్వేలలోను, తపాలా శాఖలోను మనతో పనిచేస్తున్నవారిలో, పనిచేసి విరమించినవారిలో మాజీ సైనికుల సంఖ్య తక్కువేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ నియామకాలలో గ్రూప్ సి పోస్టులకు 10 శాతం, పూర్వపు గ్రూప్ డి పోస్టులకు 20 శాతం వారికి కేటాయించబడినవి. గేటు వద్ద, పాయింట్ల వద్ద, ట్రాక్ మీద, మెయిల్ వ్యానులో వారు మన ప్రక్కనే నిలిచి పనిచేశారు. వీరిలో కొందరి డిశ్చార్జి పుస్తకాలలో ఒక లోటు ఉన్నది. మనిషి యుద్ధరంగంలో ఉన్నాడు. ఆ సేవకు ప్రభుత్వం ప్రకటించిన పతకం మాత్రం పుస్తకంలోకి ఎక్కలేదు. సరిదిద్దమని అర్జీ పెట్టుకుంటే వచ్చే సమాధానం తరచుగా ఒక్కటే: మీ రికార్డు నాశనం చేయబడినది, ఆధారం మీరే చూపండి. ఈ సమాధానం న్యాయవిరుద్ధమైనది. దీనిని మన సంఘాలు ఇకమీదట మౌనంగా అంగీకరించరాదు.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. మనము చెబుతున్నది పరమవీర చక్ర, వీర చక్ర వంటి శౌర్య పురస్కారాల సంగతి కాదు. వాటికి సిఫారసు ఉంటుంది, పరిశీలన ఉంటుంది, విచక్షణ ఉంటుంది. సేవా పతకాలకు ఆ విచక్షణతో పనిలేదు. నిర్ణయించిన కాలంలో, నిర్ణయించిన ప్రాంతంలో, నిబంధన కోరినంత విధి నిర్వహిస్తే చాలు. జవానుకైనా జనరలుకైనా అదే పతకం. 1965 ఆగస్టు 5 నుండి 1966 జనవరి 25 వరకు జరిగిన సైనిక చర్యలలో ఉన్నవారికి సమర సేవా స్టార్. 1971 డిసెంబరు యుద్ధంలో పశ్చిమ రంగాన ఉన్నవారికి పశ్చిమీ స్టార్, తూర్పు రంగాన ఉన్నవారికి పూర్వీ స్టార్. 1971 డిసెంబరు 3 నుండి 1972 డిసెంబరు 20 వరకు సరిహద్దు రాష్ట్రాలలో పనిచేసినవారికి సంగ్రామ్ మెడల్. దేశం వెలుపల సేవ చేసినవారికి విదేశ్ సేవా మెడల్. పతకం అంచున నంబరు, హోదా, పేరు చెక్కి ఇస్తారు. అనగా, ఫలానా మనిషి ఫలానా కాలంలో ఫలానా చోట ఉన్నాడని ప్రభుత్వం లోహం మీద వ్రాసి ఇచ్చిన రశీదు అది. తీసుకున్న సేవకు రశీదు ఇవ్వడం దానం ఎట్లా అవుతుంది?

ఈ నమోదు ఎక్కడ తప్పిపోతుందో గుమాస్తా పని తెలిసిన మన సభ్యులకు ఇట్టే బోధపడుతుంది. సైనికుని సేవలో జరిగే ప్రతి మార్పును అతని యూనిట్ పార్ట్ టూ ఆర్డరుగా ప్రచురించాలి. ఆ ఆర్డరు రికార్డు ఆఫీసుకు చేరాలి. అక్కడ అతని పత్రాలలో ఎక్కాలి. ఆర్డరు ప్రచురితం కాకపోతే రికార్డు ఆఫీసు దృష్టిలో ఆ సంగతి జరుగనే లేదు! యుద్ధం మధ్యలో ఆసుపత్రి పాలైనవాడు, వేరొక యూనిట్‌కు తాత్కాలికంగా జతచేయబడినవాడు, పతకం ప్రకటించేలోగా సైన్యం విడిచి వచ్చినవాడు, ఈ ముగ్గురి పేర్లే ఎక్కువగా జారిపోతాయి. తప్పు చేసినది కార్యాలయం, నష్టపోయినది మనిషి.

నేను స్వయంగా ఎరిగిన ఒక ఉదంతం చెబుతాను. పాయింట్స్‌మన్‌గా పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన 1971లో ఇంజనీర్ల దళంలో శాపరుగా తూర్పు రంగంలో ఉన్నారు. యుద్ధం ముగియగానే జబ్బుపడి ఆసుపత్రిలో చేరారు. అక్కడినుండి మరొక యూనిట్‌కు పంపబడ్డారు. పాత యూనిట్ వారు కొత్త యూనిట్ చూసుకుంటుందనుకున్నారు. కొత్త యూనిట్ వద్ద పాత లెక్క లేదు. 1975లో ఇంటి పరిస్థితులవల్ల స్వంత కోరికపై సైన్యం విడిచి, ఆ తరువాత రైల్వేలో చేరారు. డిశ్చార్జి పుస్తకంలో సంగ్రామ్ మెడల్ ఉన్నది, పూర్వీ స్టార్ లేదు. రిటైరైన తరువాత వ్రాసుకుంటే, మీరు సైనిక పెన్షనుదారు కారు గనుక మీ పత్రాలు గడువు తీరి ధ్వంసం చేయబడినవి అని జవాబు వచ్చింది. ఆయన వద్ద మిగిలినది 1971 డిసెంబరులో ఇంటికి వ్రాసిన ఒక ఉత్తరం. దానిపై ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర, పంపినవారి చిరునామాలో 99 ఏపీఓ. పశ్చిమ, ఉత్తర ప్రాంతాల సైనిక తపాలాకు 56 ఏపీఓ, తూర్పు ప్రాంతానికి 99 ఏపీఓ అని మన ఆర్‌ఎంఎస్ సార్టరు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆ ముద్రను మాత్రం రికార్డు ఆఫీసు ఆధారంగా గుర్తించలేదు. ప్రభుత్వ తపాలా ముద్రను ప్రభుత్వ కార్యాలయమే నమ్మకపోతే ఇక ఎవరు నమ్మాలి?

సైన్యపు నిబంధనల ప్రకారం పెన్షను లేకుండా వెళ్లినవారి పత్రాలను 25 సంవత్సరాలు భద్రపరచి, ఆపైన ధ్వంసం చేస్తారు. నిబంధన ఉన్నది, కాదనము. కానీ దాని పర్యవసానం ఆలోచించండి. కాగితం ప్రభుత్వం వద్ద ఉన్నది. దానిలో ఏమి వ్రాశారో సైనికునికి ఎన్నడూ చూపలేదు. ధ్వంసం చేసేముందు, నీ పత్రాలలో ఏదైనా లోటు ఉన్నదా అని ఒక కార్డు ముక్క కూడా వ్రాయలేదు. ధ్వంసం చేసిన తరువాత, కాగితం తీసుకురమ్మని అతనినే అడుగుతున్నారు. తాళంచెవి పోగొట్టినవాడే తలుపు తీయలేదని ఇంటివానిని నిందించినట్లున్నది ఈ వ్యవహారం.

అమెరికా ప్రభుత్వాన్ని మెచ్చుకునే అలవాటు మన సంఘాలకు లేదు. అయినా ఒక పోలిక చెప్పక తప్పదు. 1973 జూలై 12న సెయింట్ లూయిస్ నగరంలోని సైనిక రికార్డుల కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగి, ఒక కోటి అరవై లక్షలకు పైగా ఫైళ్లు కాలిపోయాయి. ఆ ప్రభుత్వం చేతులు దులుపుకొనలేదు. చివరి జీతపు వోచర్లు, యూనిట్ల దినసరి నివేదికలు, ఆసుపత్రి జాబితాలు వెదకి, కాలిపోయిన సేవను తిరిగి కూర్చే ఏర్పాటు చేసింది. సైనిక రికార్డులలోని తప్పులు సరిదిద్దడానికి 1946 నాటి చట్టం క్రింద సివిలియన్ల బోర్డులు అక్కడ ఉన్నాయి. గడువు దాటినా న్యాయం కోరితే మినహాయించే అధికారం వాటికి ఉన్నది. అక్కడ ప్రమాదవశాత్తు కాలిన కాగితానికి ప్రత్యామ్నాయం వెదుకుతున్నారు. ఇక్కడ నిబంధన ప్రకారం కాల్చిన కాగితానికి బాధితుని బాధ్యుణ్ణి చేస్తున్నారు.

మన దేశంలో 2007 చట్టం క్రింద సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉన్నది. కానీ తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలలలోగా వెళ్లాలి. ఆలస్యమైతే తగిన కారణం చూపి మన్నింపు కోరాలి. ఒక స్టార్ కోసం డెబ్బై అయిదేళ్ల వృద్ధుడు వకీలును పెట్టుకొని ట్రిబ్యునల్ మెట్లెక్కాలా? గుమాస్తా దిద్దవలసిన పంక్తిని న్యాయమూర్తి దిద్దవలసి రావడమే వ్యవస్థ వైఫల్యానికి నిదర్శనం.

ఇక మన శ్రేణులలోనే వినిపించే రెండు ఆక్షేపణలకు సమాధానం చెప్పాలి.

మొదటిది: జీతాలు, పెన్షను, ఖాళీల భర్తీ వంటి సమస్యలు ఉండగా ఈ రేకు ముక్కల గొడవ ఎందుకు? నిజమే, సేవా పతకానికి నెలనెలా డబ్బు రాదు. కానీ యుద్ధ ప్రాంతంలో ఉన్నాడనడానికి అదే సాక్ష్యం. అక్కడ తగిలిన గాయానికి, అక్కడ మొదలైన జబ్బుకు రేపు అంగవైకల్య పెన్షను అడిగితే, అసలు నీవు అక్కడ ఉన్నావా అన్నదే మొదటి ప్రశ్న. రికార్డులో ఒక పంక్తి విలువ ఏమిటో మనకు ఒకరు నేర్పనక్కరలేదు. 1974 మే 8 నుండి 27 వరకు జరిగిన మహత్తర రైల్వే సమ్మె తరువాత వేలాది కార్మికుల సర్వీసు రిజిస్టర్లలో ‘సర్వీసులో విరామం’ అని ఎర్రసిరాతో ఒక పంక్తి ఎక్కించారు. ఆ ఒక్క పంక్తి ఇంక్రిమెంటును, సెలవును, పెన్షనును మింగివేసింది. దానిని తుడిపించడానికి మన పెద్దలు ఎంత పోరాడారో ఈ బులెటిన్ పాఠకులకు తెలుసు. అక్రమంగా ఎక్కించిన పంక్తిని తొలగించమని పోరాడిన మనము, అక్రమంగా వదిలివేసిన పంక్తిని చేర్చమని ఎందుకు పోరాడము? రెండూ ఒకే హక్కు.

రెండవ ఆక్షేపణ మరింత గట్టిది. అదే 1974లో రైళ్లు నడపడానికి టెరిటోరియల్ ఆర్మీ రైల్వే దళాలను పిలిచారు. సమ్మెపై ప్రయోగించిన ఆ యూనిఫారం కోసం సంఘం పోరాడాలా అని కొందరు అడుగుతున్నారు. ఆ గాయాన్ని మనము మరువలేదు, మరువము. కానీ సమ్మెపై వారిని ప్రయోగించినది ప్రభుత్వం. పిలుపు వస్తే తిరస్కరించే స్వేచ్ఛ ఆ యూనిఫారంలోని కార్మికునికి లేదు. ఆ దళాలలో ఉన్నవారు మన లోకోషెడ్ల వారే, మన గ్యాంగుల వారే. యుద్ధకాలంలో రైల్వే కార్మికుడు చేసిన త్యాగానికి యూనిఫారం ఉన్నా లేకపోయినా తేడా లేదు. 1965 సెప్టెంబరు 9న రాజస్థాన్ సరిహద్దున గడ్రా రోడ్ వద్ద శత్రు విమానాల దాడిలో 17 మంది రైల్వే కార్మికులు ప్రాణాలర్పించారు. ఏటేటా అక్కడ వారిని స్మరిస్తున్నది తోటి రైల్వే కార్మికులే. ప్రభుత్వం మనలను చీల్చడానికి వాడిన గీతను మనమే కాపాడుకుంటూ కూర్చోవడం వివేకం కాదు.

ఇంతవరకు సైనిక కార్యాలయాలను విమర్శించాము. మన ఇంటిని కూడా చూసుకోవాలి. పైన చెప్పిన పెద్దాయన తన సైనిక సేవను రైల్వే పెన్షనుకు కలుపుకున్నారు. అట్లా కలపాలంటే సైనిక సేవను రికార్డు ఆఫీసు వ్రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. ఆ ధ్రువీకరణ సర్వీసు రిజిస్టరులో ఉండాలి. అనగా అక్కడ ధ్వంసమైన సేవకు సాక్ష్యం ఇక్కడ మన పర్సనల్ బ్రాంచి బీరువాలో ఉండవచ్చు! ఎవరైనా తెరచి చూశారా? ఆర్మీ పోస్టల్ సర్వీసుకు డెప్యుటేషన్‌పై వెళ్లే తపాలా ఉద్యోగుల స్థితి కూడా ఇంతే. గాజాలో, కాంగోలో, శ్రీలంకలో భారత సేనల వెంట ఫీల్డ్ పోస్టాఫీసులు నడిపినది మన శాఖవారే. తిరిగి సర్కిల్‌కు వచ్చాక సర్వీసు పుస్తకంలో ‘డెప్యుటేషన్’ అన్న ఒక్క మాట మిగులుతుంది. ఏ దేశం, ఏ పతకం అన్నది మిగలదు. సికింద్రాబాద్‌తో సహా ఐదు రైల్వే టెరిటోరియల్ ఆర్మీ రెజిమెంట్లను రద్దు చేయాలని 2021లో నిర్ణయించారు. రెజిమెంటు పోయినా దాని నమోదుల బాధ్యత పోకూడదు. సర్వీసు రిజిస్టర్లను కంప్యూటరులోకి ఎక్కిస్తున్న ఈ కాలంలో, వదిలివేసిన పేజీ శాశ్వతంగా పోయినట్లే.

కావున మనము ఈ క్రింది కోర్కెలను ముందుకు తేవాలి:

1. పతకాల జాబితాలను ఎన్నడూ ధ్వంసం చేయరాదు. ఇతర పత్రాలను ధ్వంసం చేసేముందు సంబంధిత వ్యక్తికి లేదా వారసులకు తెలియజేయాలి.

2. పత్రాలు ధ్వంసమైన కేసులలో రుజువు భారం రికార్డు ఆఫీసుదే కావాలి. డిశ్చార్జి పుస్తకం, యూనిట్ యుద్ధ దినచర్య, ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర, సహచరుల ప్రమాణ పత్రాలు, సివిల్ సర్వీసు రిజిస్టరులోని ధ్రువీకరణ ఆధారాలుగా అంగీకరించాలి.

3. అర్జీపై నిర్ణీత గడువులో, కారణాలతో కూడిన ఉత్తర్వు ఇవ్వాలి. సైనికుడు మరణిస్తే భార్యకు అదే హక్కు ఉండాలి.

4. టెరిటోరియల్ ఆర్మీ సేవను, ఆర్మీ పోస్టల్ సర్వీసు సేవను కాలం, ప్రాంతం, పతకంతో సహా రైల్వే, తపాలా సర్వీసు పుస్తకాలలో నమోదు చేసి, ఉద్యోగికి ధ్రువీకృత నకలు ఇవ్వాలి.

కోర్కెలు ఆమోదం పొందేవరకు చేతులు ముడుచుకొని కూర్చోనవసరం లేదు. ప్రతి బ్రాంచి తన పరిధిలోని మాజీ సైనికుల జాబితా తయారు చేయాలి. విరమించినవారిని, విరమించినవారి వితంతువులను మరువరాదు. డిశ్చార్జి పుస్తకం ప్రక్కన సర్వీసు రిజిస్టరు పెట్టి పోల్చి చూడాలి. లోటు కనబడితే రికార్డు ఆఫీసుకు అర్జీ, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ప్రతి పంపాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద దరఖాస్తు పెడితే 30 రోజులలో జవాబు చెప్పి తీరాలి. పత్రం ధ్వంసమైనదంటే ఏ తేదీన, ఏ ఉత్తర్వుపై ధ్వంసమైనదో అడగాలి. ఈ పనికి డబ్బు అక్కరలేదు. కాగితం చదవగల ఓపిక గల ఒక్క కార్యకర్త చాలు, అటువంటివారు మన ప్రతి బ్రాంచిలోను ఉన్నారు. 1971లో ఇరవై ఏళ్ల వయసున్న జవానుకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆలస్యం చేసేది ప్రభుత్వమైనా, ఆ ఆలస్యంలో కరిగిపోతున్నది మన సహచరుల ఆయుష్షు.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!