క్రాసు మ్రోగినప్పుడే వినవలెను

జీపులను గూర్చి మాటలాడువారిలో టైర్ల వెడల్పును, లైట్ల కాంతిని, ఇంజను బలమును వర్ణించువారే తఱచుగా కనబడుదురు గాని, ఆ బలమంతయు ఏ నాలుగు కొమ్ముల చిన్న ఉక్కుముక్క గుండా చక్రములకు చేరుచున్నదో ఆ ముక్కను తలచువారు అరుదు. పుస్తకములలో యూనివర్సల్ జాయింటనియు, షెడ్లలో క్రాసనియు పిలువబడు ఈ భాగము మెత్తగా పనిచేసినంత కాలము దాని ఉనికియే ఎవరికిని తెలియదు. అరిగి మ్రోగ నారంభించిన పిమ్మట సైతము, "పాతబండి గదా, ఆ మాత్రం చప్పుడుండదా" యని సరిపెట్టుకొనుట మనలో పరిపాటియైనది. ఈ సరిపెట్టుకొనుటను నేను నిర్లక్ష్యమనియే యందును. కొండదారిలో ప్రయాణికులను ఎక్కించుకొను జీపు విషయములో దానిని అపరాధమనుటకును వెనుదీయను.

ఇంజనును గేరుబాక్సును ఛాసిస్‌కు బిగింపబడి యుండగా, వెనుక యాక్సిలు మాత్రము కమాన్లపై నిలిచి, రాయి తగిలినప్పుడు లేచుచు, గుంట వచ్చినప్పుడు దిగుచు నుండును. ఈ రెంటి నడుమ తిరుగు ప్రొపెల్లర్ షాఫ్టు క్షణక్షణమును వంపు మార్చుకొనుచునే తిరుగవలసి యుండుటచే దాని రెండు కొనలయందును క్రాసు లమరినవి. ఈ కీలునకు నేటికిని ఇద్దరి పేర్లు అంటియున్నవి: పదునాఱవ శతాబ్దమునకు చెందిన ఇటలీ పండితుడు కార్డానో, తరువాతి శతాబ్దమునకు చెందిన ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్. దానిని మోటారుబండికి తగినట్లు తీర్చి, 1904లో అమెరికాలో ఉత్పత్తికి పూనుకొన్నవాడు క్లారెన్స్ స్పైసర్. దీనికి సహజమైన వింతగుణ మొకటి కలదు: త్రిప్పు షాఫ్టు సమవేగముతో తిరిగినను, వంపున నున్న రెండవ షాఫ్టు ఒక్కొక్క చుట్టులో రెండు మార్లు వేగించి, రెండు మార్లు మందగించును. వంపు 10 డిగ్రీలైనచో ఈ తేడా నూటికి ఒకటిన్నర పాలు మాత్రమే. 30 డిగ్రీలైనచో నూటికి 13 పాళ్లు తగ్గి, 15 పాళ్లు పెరుగును. మొదటి క్రాసు తెచ్చిన ఈ దోషమును రెండవ క్రాసు హరింపవలె నన్నచో షాఫ్టు రెండు కొనలయందు క్రాసును పట్టియుంచు యోకులును ఒకే వరుసలో నుండవలెను, రెండు చోట్లను వంపులు సరిసమానముగా నుండవలెను.

ఇది తెలియకయో, తెలిసియు లెక్కచేయకయో, నగరములలో కొందఱు ఉత్సాహవంతులు జీపును మూడు నాలుగు అంగుళములు ఎత్తింపించి, షాఫ్టు వంపు ఎంత పెరిగినదో చూడనైన చూడక, ఆదివారమునాడు అడవిదారులు పట్టుచున్నారు. బానెట్టుపై లైట్ల వరుసకు వేలకు వేలు పోయుటకు వెనుకాడని చేతులే, క్రాసునకు గ్రీజు కొట్టు మన్నప్పుడు వచ్చేనెల చూతమనును. పైన పటారము, లోన లొటారము అని పెద్దలన్నది ఇట్టి బండ్లకు చక్కగా చెల్లును.

ఏజెన్సీ జీపుల కథ వేఱు. పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి ప్రాంతములలో సంతకును, ఆసుపత్రికిని, ఇటీవల సందర్శకులతో జలపాతములకును పోవు పాతజీపులకు సోకులు లేవు, కాని కష్టము మిక్కుటము. ఎత్తున లో-గేరు వేసినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు ఇంజను బలమును రెట్టింపు మొదలు రెండున్నర రెట్ల వరకు హెచ్చించి షాఫ్టునకు అందించును. ఆ బరువంతయు క్రాసు కొమ్ములపైననే పడును. గెడ్డ దాటునప్పుడు నీరు సీళ్ల సందులనుండి చొరబడి గ్రీజును కడిగివేయును, ఆవల గట్టున ఎఱ్ఱధూళి ఆ చోటును ఆక్రమించును. క్రాసు కొమ్ము ఒక్కొక్కదానిపై నొక కప్పుండును; కప్పులోపల సన్నని ఉక్కుసూదులు దడి కట్టినట్లు చుట్టును నిలిచియుండును. గ్రీజు లేనినాడు ఈ సూదులు దొరలుట మాని కొమ్మును నొక్కుకొనుచు పోవును. అరిగిన క్రాసును విప్పి, కొమ్మును గుడ్డతో తుడిచి, గోటితో అడ్డముగా గీచి చూచినచో, సూది యున్న ప్రతిచోటను నొక గాడి గోటికి తగులును. ఆ గాడి తగిలిన క్రాసునకు ఎంత గ్రీజు కొట్టినను ఫలము లేదు, మార్చుటయే గతి.

అయినను విప్పకముందే అది మనకు చెప్పవలసిన దెల్లయు చెప్పుచునే యుండును. బండి మెల్లగా కదలునప్పుడు పిచ్చుకపిల్ల కూతవంటి కీచుమను శబ్దము వినవచ్చి, వేగముతోపాటు దాని లయయు హెచ్చుచున్నచో, సూదులు ఎండిపోయినవని తెలియవలెను. ముందుగేరునుండి రివర్సునకు మార్చి క్లచ్చి వదలినప్పుడు టంగుమని మ్రోగినచో కీలులో ఆట పుట్టినది. ఏదో యొక వేగమున సీటు క్రింద వణకు పుట్టి, ఆ వేగము దాటగనే సద్దణగినచో షాఫ్టు నడక చెడినదని అనుమానింపవలెను. నాలుగు చక్రముల బలముతో పోవుచు స్టీరింగు పూర్తిగా త్రిప్పినప్పుడు ముందు చక్రము మూలనుండి టకటక వినబడినచో, యాక్సిలు కొనయందు దాగిన క్రాసును శంకింపవలెను. పాతరకపు ముందు యాక్సిళ్లలో అచటను ఇదే కీలు పనిచేయుచుండును.

చెవి చెప్పినదానిని చేయి ధ్రువపఱుపవలెను. టంగుమను మ్రోత డిఫరెన్షియల్ పండ్ల నడుమ సందు పెరిగినను వచ్చును, స్లిప్పు యోకు గాళ్లు అరిగినను వచ్చును. కావున చప్పుడు విన్నంతనే బండిని సగము విప్పి గుట్ట పోయు మెకానిక్కును నేను నమ్మను. నర్సీపట్నము వైపున నొక షెడ్డులో, "మేస్త్రిగారూ, డిఫరెన్స్ పోయినట్టుంది, దింపేయండి" యని తొందరపడుచున్న డ్రైవరుతో, "ఆగవయ్యా బాబూ, ముందు క్రాసు చూడనీ" యని పలికి, ఒక వృద్ధ మేస్త్రి చేసినది చూడదగినదై యుండెను. చక్రములకు ముందువెనుకల రాళ్లు పెట్టించి, గేరును న్యూట్రలునకు తెప్పించి, చేతిబ్రేకు వదలించి, గోనెపట్టా పఱచుకొని బండి క్రిందికి పోయెను. ఒక చేత యోకును పట్టి, రెండవ చేత షాఫ్టును పట్టి, రెంటిని ఎదురెదురుగా మెలివేసెను. పిమ్మట షాఫ్టును మీదికిని క్రిందికిని ఎత్తి దించెను. యోకు నిలిచియుండగా షాఫ్టు కదలినచో దోషము క్రాసుదే, రెండును కలసి తిరిగినచో దోషము వెనుకది. కప్పు అంచున తుప్పుపొడి ఎఱ్ఱగా పేరియుండెను. దానిని వ్రేలితో తీసి డ్రైవరు కన్నులముందు పెట్టెను. ఏ యంత్రమును లేక, నిమిషములలో తేలిన ఈ పరీక్షను ప్రతి యజమానియు నేర్వవచ్చును.

మార్చుటలో సుత్తియే మన షెడ్లకు పెద్ద శత్రువు. కప్పును ఎడాపెడా కొట్టుటచే యోకు చెవులు వంగును, రంధ్రము సాగును, పది కాలములుండవలసిన షాఫ్టు క్రొత్త క్రాసుతోపాటు చెడును. పద్ధతి యెఱిగినవాడు విప్పకముందే షాఫ్టుపైనను యోకులపైనను గుర్తు గీచుకొనును; లాకులు తీసి, వైసు దవడల నడుమ ఒక వైపున కప్పుకంటె చిన్న సాకెట్టును, వేఱొక వైపున కప్పు పట్టునంత పెద్ద సాకెట్టును ఉంచి, మెల్లగా బిగించి కప్పును వెలికి త్రోయును. రంధ్రములను, లాకుగాళ్లను తుప్పులేకుండ శుభ్రపఱచి, క్రొత్త కప్పులోని సూదులను గ్రీజుతో నిలిపి, కొమ్ము సరిగా లోనికి పోవునట్లు పట్టుకొని నొక్కును. ఈ క్షణమున ఒక్క సూది పడి కప్పు అడుగున అడ్డముగా చిక్కినచో కప్పు పూర్తిగా దిగదు, లాకు గాడిలో కూర్చుండదు. అప్పుడు లాకును బలవంతముగా దూర్చువాడు మరల ఆ పనినే చేయవలసి వచ్చును. బిగించిన పిదప కీలు నలుదిక్కులకును చేతితో సులువుగా వంగవలెను, పట్టివేయరాదు. గ్రీజు నిప్పిలున్న క్రాసైనచో నాలుగు కప్పుల సీళ్లనుండియు క్రొత్త గ్రీజు వెలికి వచ్చువఱకు గన్ను ఆపరాదు. మూడింటివద్ద మాత్రమే వచ్చినచో నాలుగవది ఎండియున్నట్లే.

ఇంత చిన్నదానికి ఇంత పట్టుదల యేల యని అడుగువారు, పాతజీపుల చేతిబ్రేకు ఎచట నుండునో ఒకసారి వంగి చూడవలెను. వానిలో పెక్కింటికి అది చక్రములయందు గాక, ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, షాఫ్టు మొదటనే డ్రమ్ముగా అమరియుండును. రెండు చక్రముల బలముతో ఎత్తు ఎక్కుచుండగా వెనుక క్రాసు విరిగెనా, ఇంజను పట్టు ఎట్లు పోవునో చేతిబ్రేకు పట్టును అట్లే ఏకకాలమున పోవును; తెగిన షాఫ్టు తిరుగుచు ప్రక్కనున్న బ్రేకు పైపును ఖండించినచో కాలిబ్రేకునకును దిక్కు లేదు. షాఫ్టు ముందుకొన ఊడి నేలకు గ్రుచ్చుకొనుటయు కలదు. ఒక ప్రక్క కొండయు ఒక ప్రక్క లోయయు నున్న మలుపున, లోపల పదిమంది కూర్చున్న వేళ ఇది సంభవించినచో ఏమగునో వర్ణింప నక్కఱలేదు.

కావున నాదొక్కటే కోరిక. ఏజెన్సీ దారులలో తిరుగు జీపులకు ఫిట్‌నెస్ పత్రము వ్రాయు అధికారి, లైట్లను హారనును చూచి సంతకము చేయక, బండి క్రిందికి మనిషిని పంపి షాఫ్టును చేతితో మెలివేయించి చూడవలెను. ఆట కనబడిన బండిని ఆ దినమున వెనుకకు పంపవలెను. యజమానులు గెడ్డ దాటిన ప్రతి వారమును గ్రీజు గన్ను చేతబట్టవలెను. ఇక జీపెక్కు ప్రయాణికులు, గేరు మార్చునప్పుడెల్ల క్రింద టంగుమనుచున్న బండిలో కూర్చున్నచో, డ్రైవరును సిగ్గుపడక అడుగుడు: "బాబూ, క్రాసు ఎప్పుడు చూపించావు?"