లాటిన్ నేర్వవలెనా?

రాయ్‌పూర్ నగరానికి పడమటి వైపున ఉన్న టాటీబంధ్‌లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ 2012లో ప్రారంభమైంది. దేశం నలుమూలల నుండి అక్కడికి వచ్చే వైద్య విద్యార్థులకు మొదటి సంవత్సరంలోనే శరీర నిర్మాణ శాస్త్రం ఎదురవుతుంది. వందలకొలది లాటిన్, గ్రీకు పేర్లను కంఠస్థం చేయవలసిన ఆ దశలో, అసలు లాటిన్ భాషనే నేర్చుకుంటే మేలు కదా అన్న తలంపు కలగడం సహజం. అయితే ప్రాచీన భాషాధ్యయనం ఏళ్ల తరబడి సాగే వ్యాసంగం. వైద్య విద్యార్థికి అన్నిటికంటె కరవైనది కాలమే. కనుక ఇది ఆలోచించి అడుగు వేయవలసిన విషయం.

పేరుకు అర్థం తెలిస్తే అది జ్ఞాపకంలో నిలుస్తుందనడంలో సందేహం లేదు. 'పటెల్లా' అంటే చిన్న పళ్లెం. తెలుగువారు దానినే మోకాలి చిప్ప అన్నారు. ఇరువురికీ తోచిన పోలిక ఇంచుమించు ఒకటే. భుజాన్ని రొమ్ము ఎముకతో కలిపే 'క్లావికల్' అంటే చిన్న తాళపుచెవి. మోకాలి కింద ఉండే పెద్ద ఎముక 'టిబియా'. పిల్లనగ్రోవికి కూడ రోమనుల భాషలో అదే పేరు. కండరానికి పేరైన 'మస్కులస్' అంటే చిట్టెలుక. మందుల చీటీ మీద వైద్యులు వ్రాసే 'బి.డి.' అన్న అక్షరాలు సైతం 'దినానికి రెండు మార్లు' అన్న లాటిన్ మాటలకు సంక్షేపమే.

తెలుగు విద్యార్థికి ఇందులో ఒక సౌలభ్యం ఉన్నది. సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుండి పుట్టి ఉండాలని 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ ప్రతిపాదించాడు. తెలుగు ద్రావిడ భాషయే అయినా సంస్కృత పదాలను సమృద్ధిగా స్వీకరించింది. అందువల్ల దంతానికి 'డెన్స్', నాసికకు 'నాసుస్', జానువుకు 'గెను', అస్థికి 'ఓస్', పాదానికి 'పెస్' అని విన్నప్పుడు అవి బొత్తిగా పరాయి మాటలుగా తోచవు.

అయితే ఇంతమాత్రానికి లాటిన్ వ్యాకరణమంతా నేర్వనక్కరలేదు. తరచుగా వచ్చే ధాతువులు, ఉపసర్గలు, ప్రత్యయాలు తెలిస్తే చాలు. పైగా ఒకప్పటి నిర్బంధం నేడు లేదు. 1543లో వెసాలియస్ శరీర నిర్మాణాన్ని, 1628లో హార్వే రక్తప్రసరణాన్ని లాటిన్‌లోనే వివరించారు. నాటి పండితునికి ఆ భాష తప్పనిసరి. క్రొత్త మొక్కను లాటిన్‌లో వర్ణించి తీరాలన్న వృక్షశాస్త్ర నియమం కూడ 2011తో ముగిసింది. 2012 జనవరి 1 నుండి ఇంగ్లీషు వర్ణన కూడ చెల్లుతున్నది. పేర్లు మాత్రం లాటిన్ రూపంలోనే నిలిచాయి.

మరి భాషను సంపూర్ణంగా ఎవరు నేర్వాలి? మూలగ్రంథాన్ని స్వయంగా చదవాలన్న కోరిక గలవారు. హార్వే వాదాన్ని ఆయన మాటల్లోనే అనుసరించదలచిన వారికి లాటిన్ కావాలి. సుశ్రుత సంహితను గాని, ఛత్తీస్‌గఢ్‌లోనే ఉన్న సిర్పూర్‌లో దొరికిన ప్రాచీన శాసనాలను గాని చదవదలచిన వారికి సంస్కృతం కావాలి. అనువాదం భావాన్ని అందించగలదు. గ్రంథకర్త పలుకును అందించలేదు.

తాము చదవగోరే గ్రంథం ఏదో చెప్పగలిగినవారు నిస్సంకోచంగా ప్రారంభించవచ్చు. దినానికి అరగంట చాలు. చెప్పలేనివారు పదమూలాల పట్టిక ఒకటి దగ్గర ఉంచుకుని తమ చదువు సాగించడమే మేలు. కోరిక తరువాత ఎన్నడు కలిగినా చింత లేదు. రెండు వేల ఏళ్లు నిలిచిన భాష మరి కొన్నాళ్లు వేచి ఉండగలదు.