రాయికి నెంబరు, మనిషికి నామమా?

తిరుమల గుడి ముందర వెయ్యికాళ్ల మండపం ఉండేది. 15వ శతాబ్దంలో, సాళువుల కాలంలో కట్టింది. 2003లో మాస్టర్ ప్లాన్ పేరు చెప్పి దేవస్థానం దాన్ని తొలగించింది. మళ్లీ కడతామన్నారు. ఇరవై ఏళ్లు దాటినా మండపం లేవలేదు. 2023లో కొండమీది పాత పార్వేట మండపాన్ని కూల్చి కొత్తది కట్టినప్పుడు మళ్లీ గొడవైంది.

గుడి మండపం పోతే మాలపల్లెకేం, మాదిగపల్లెకేం అని కొందరు అడగొచ్చు. రాజు పేరు శాసనంలో ఉంటుంది. బండ కొట్టినోడి పేరు, మోసినోడి పేరు ఎక్కడుంది? వాళ్ల పనికి మిగిలిన గుర్తు ఆ స్తంభాలే. అందుకే అది మనకూ పట్టిన విషయమే.

విప్పి వేరే చోట కట్టడం చేతగాని పనేం కాదు. నాగార్జునసాగర్‌లో మునిగిపోయే బౌద్ధ కట్టడాలు కొన్నింటిని కొండమీదికీ, అనుపుకీ చేర్చారు. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట చాళుక్యుల నాటి కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టులో మునుగుతుందని రాయి రాయికీ నెంబరేసి, విప్పి, ఆలంపురంలో అదే వరసన నిలబెట్టారు. మంచి పని. మేం తప్పు పట్టం.

మరి మనుషుల సంగతేంది? అదే శ్రీశైలం నీళ్లకింద సుమారు వంద ఊళ్లు పోయాయి. లక్షమందికి పైగా నిలువనీడ లేనోళ్లయ్యారు. 1981లో ఇళ్లు కూల్చి మరీ ఖాళీ చేయించారు. అప్పుడున్నది 1894 నాటి తెల్లోళ్ల చట్టం. భూమి మీద హక్కున్నోడికే పరిహారం. ఆ భూమిలో కూలి చేసి బతికినోడికి పట్టా ఏది? రాయికున్న లెక్క కూలోడికి లేకపోయింది. ఆ జలాశయం నీళ్లే తెలుగుగంగ కాలవలో మన సత్యవేడు మీదుగా మద్రాసుకు పోతున్నాయి. ఆ గోడు మనది కాదనుకోవద్దు.

2013లో కొత్త భూసేకరణ చట్టం వచ్చింది. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమే బతుకుదెరువైన కూలీలు, కౌలుదార్లు కూడా బాధితులేనని అందులో రాశారు. సామాజిక ప్రభావ అంచనా వేసేటప్పుడు గుళ్లు, శ్మశానాలు కూడా చూడాలన్నారు. కాగితం మీదున్నది దానంతటది మన గడపలోకి రాదు. రోడ్డో కాలవో వస్తుందని తెలిసిన రోజే పల్లెలో కూర్చోండి. ఎవరు ఎవరి చేలో ఎన్నేళ్లు పనిచేశారో రాయండి. మాతమ్మ గుడి, శ్మశానం, బావి, అన్నీ రాయండి. గ్రామసభలో చదివి, నకలు మీ దగ్గర పెట్టుకోండి.

మండపం రాళ్లెన్ని ఉన్నాయో దేవస్థానం బయటపెట్టాలి, మాటిచ్చినట్టు కట్టాలి. రాయికి నెంబరేసే సర్కారు మనిషికీ లెక్క చెప్పాలి. ఆ లెక్క మనమే ముందు రాసుకుందాం.

జై భీమ్!