చిక్కగా ఉంటే మంచిదేనా?

రేపల్లెలో ఓ రిటైరైన మాస్టారు కొత్త కారు కొన్నారనుకుందాం. పొద్దున్నే కూరగాయల మార్కెట్టు, సాయంత్రం మనవణ్ని ట్యూషన్ నుంచి తీసుకురావడం, నెలకోసారి తెనాలి, వేసవిలో పిల్లలొస్తే బాపట్ల మీదుగా సూర్యలంక... అదే ఆ కారు లోకం. ఏడాది తిరిగేసరికి మీటరు 4 వేల కిలోమీటర్లు కూడా దాటలేదు. ఆయిల్ మార్పించే వేళయింది. తెలిసిన మెకానిక్ డిప్‌స్టిక్ తీసి చూసి పెదవి విరిచాడు.

‘ఇదేంటి మాస్టారూ, నీళ్లలా ఉంది! మన ఎండలకి ఇది ఆగుద్దా? మంచి చిక్కటిది పోయిద్దాం. లేదంటే కుర్రాళ్లంతా పోయిస్తున్నారే, ఆ ఫుల్ సింథటిక్ వేసేద్దాం. 20 వేల కిలోమీటర్ల దాకా మళ్లీ చూడక్కర్లేదు.’

మాస్టారికి రెండు మాటలూ నచ్చాయి. అంతలో వారంటీ గుర్తొచ్చి ఆగారు. ఆగడమే మంచిదైంది.

మెకానిక్ చెడ్డవాడేం కాదు. అంబాసిడర్లూ జీపులూ విప్పి నేర్చుకున్న చెయ్యి. వాటికి చిక్కటి ఆయిలే పోసేవారు. ఇప్పటి ఇంజిన్లు వేరు. లోపల ఆయిల్ పారే దారులు సన్నం. వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే అమరిక చాలా కార్లలో ఆయిల్ ఒత్తిడి మీదే పనిచేస్తుంది. అక్కడ చిక్కటిది పోస్తే అది చేరాల్సిన చోటికి ఆలస్యంగా చేరుతుంది. బండి స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లోనే అరుగుదల ఎక్కువ.

మరి ఎండల సంగతి? బయట 42 డిగ్రీలున్నా 22 ఉన్నా ఇంజిన్ వేడిని అదుపులో ఉంచడానికి థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాన్ ఉన్నాయి. బాపట్ల ఎండను మోయాల్సింది ముందు అవి, ఆ తర్వాతే ఆయిల్. డబ్బా మీద 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 అని ఉంటుంది. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. తర్వాతి అంకె ఇంజిన్ వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ‘మంచు పడని తెనాలికి సున్నా డబ్ల్యూ ఎందుకు?’ అని అడగడం సహజమే. కానీ ఇంజిన్ లెక్కలో మే నెల తెల్లవారుజాము కూడా చలికాలమే. 40 డిగ్రీల దగ్గర ఆయిల్, 100 డిగ్రీల దగ్గరకంటే దాదాపు ఐదారు రెట్లు చిక్కగా ఉంటుంది మరి.

కాబట్టి ఏ గ్రేడు పోయాలన్నది ఊరి ఎండను బట్టో, మెకానిక్ అనుభవాన్ని బట్టో తేలేది కాదు. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. కొన్ని పుస్తకాల్లో బయటి ఉష్ణోగ్రతను బట్టి రెండు మూడు గ్రేడ్లు ఇస్తారు. వాటిలో ఏది ఎంచుకున్నా ఇబ్బంది లేదు. అందులో లేనిది పోయిస్తేనే చిక్కు. రేపు ఇంజిన్‌లో ఏ భాగమో పట్టేస్తే కంపెనీ వాళ్లు మొదట అడిగేది అదే.

ఇక రెండో సలహా, ఫుల్ సింథటిక్. ఆ మాటకున్న మోజు ఇంతా అంతా కాదు. నిజానికి అది వ్యాపారపు మాట. ముడిచమురును బాగా శుద్ధి చేసి తయారుచేసిన ఆయిల్‌ను సింథటిక్ అని అమ్ముతున్నారంటూ అమెరికాలో క్యాస్ట్రాల్ మీద మొబిల్ ఫిర్యాదు చేసింది. 1999లో అక్కడి ప్రకటనల పరిశీలన సంస్థ క్యాస్ట్రాల్ వైపే మొగ్గింది. అప్పటి నుంచి ఆ రకానికీ సింథటిక్ పేరు చెల్లిపోయింది. అలాగని సింథటిక్ మంచిది కాదని కాదు. వేడికి తొందరగా పాడవదు, మడ్డి తక్కువ కడుతుంది. పుస్తకంలో చెప్పిన గ్రేడు, ప్రమాణం రెండూ సరిపోతే సింథటిక్ పోసినంత మాత్రాన వారంటీకి ముప్పేమీ లేదు. చూడాల్సింది ముందువైపు పెద్దక్షరాలు కాదు, వెనకవైపు చిన్నక్షరాలు.

అక్కడ ఏపీఐ ఎస్‌పీ, ఐఎల్‌శాక్ జీఎఫ్-6, ఏసియా సీ3 అనే ముక్కలుంటాయి. ఏపీఐలో ఎస్‌తో మొదలయ్యేవి పెట్రోలు బండ్లకు, సీతో మొదలయ్యేవి డీజిలుకు. ఎస్‌పీ 2020లో వచ్చింది. దానికి ముందు తరమైన ఎస్‌ఎన్ అడిగిన కారుకు, గ్రేడు అదే అయితే ఎస్‌పీ పోయొచ్చు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా లాంటి కంపెనీలకు సొంత నంబర్లుంటాయి. వాటి విషయంలో ‘ఈ కార్లకు అనువైనది’ అని ఆయిల్ కంపెనీ తనంత తాను రాసుకోవడం వేరు, కారు కంపెనీ ఆమోదం ఉండటం వేరు. డబ్బా మీద రెండూ పక్కపక్కనే ఉంటాయి. నిదానంగా చదవాలి.

డీజిలు కారున్నవాళ్లు మరింత జాగ్రత్త పడాలి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిలు కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ చేరింది. పట్టుకున్న మసిని అది కాల్చేసుకుంటుంది. ఆయిల్‌లోంచి వచ్చే బూడిదను మాత్రం కాల్చలేదు. అందుకే వీటికి బూడిద తక్కువ వదిలే ఆయిలే పోయాలి. లారీకి పోసే ఆయిల్ చవగ్గా వచ్చింది కదా అని పోయిస్తే ఫిల్టర్ పూడుకుపోతుంది. కొత్తది వేయించాలంటే ఆయిల్‌లో మిగిలిన వందలు ఏ మూలకూ చాలవు.

‘20 వేల దాకా చూడక్కర్లేదు’ అన్న మాట దగ్గరే చాలామంది దెబ్బతింటారు. చాలా కార్లకు 10 వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అన్న లెక్క ఉంటుంది. సింథటిక్ పోస్తే ఆ లెక్క మారదు. పైగా మాస్టారి కారు తక్కువ తిరిగిందని సంబరపడటానికి లేదు. రెండేసి కిలోమీటర్ల తిరుగుళ్లలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, కాలని పెట్రోలు ఆయిల్‌లోనే ఉండిపోతాయి. నెలకోసారి తెనాలి ప్రయాణమే ఆ కారుకు మందు. దానికితోడు వరి కోతల కాలంలో డెల్టా రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం, దుమ్ము. ఇలాంటి వాడకానికి పుస్తకంలో వేరే పట్టిక ఉంటుంది. అందులో గడువు ఇంకా తక్కువ.

ఆయిల్ ఎక్కడ మార్పించాలి? సర్వీసులన్నీ తమ అధీకృత సెంటర్‌లోనే చేయించాలని చాలా కంపెనీలు వారంటీ పుస్తకంలో రాస్తాయి. బయట మెకానిక్ దగ్గరకు వెళ్లినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు చేయకూడదనీ, బయట చేసిన తప్పుడు పనివల్ల పాడైనంత మేరకే నిరాకరించవచ్చనీ 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ చెప్పింది. 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా కూడా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. ఆ ఉత్తర్వును నమ్ముకుని బిల్లు పారేసుకోవడం మాత్రం తెలివైన పని కాదు. తేదీ, కారు నంబరు, మీటరు రీడింగు, ఆయిల్ పేరు, గ్రేడు, ప్రమాణం, ఫిల్టర్... ఇవన్నీ ఉన్న బిల్లే సాక్ష్యం. ‘ఫర్వాలేదు, పోయించుకోండి’ అన్న నోటిమాట సాక్ష్యం కాదు. వారంటీ కుదరదంటే కారణం రాసిమ్మని అడగాలి. అప్పటికీ తేలకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు, లేదా సొంత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అమ్మిన షోరూమ్ ఏ జిల్లాలో ఉన్నా సరే, కొన్నవారు నివసించే చోట కేసు వేసుకునే వీలు 2019 చట్టం కల్పించింది.

తీరప్రాంతం కాబట్టి మరో మాట. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో కృష్ణ వరద రేపల్లె వైపు లంక ఊళ్లను ముంచింది. నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేయకూడదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే నీళ్లు చేరినట్టే. మార్చి వారమే అయినా అది తీసేయాల్సిందే. ఇలాంటి నష్టం సాధారణంగా వారంటీలోకి రాదు. ఇంజిన్ రక్షణ అదనంగా తీసుకున్న బీమాలో చూసుకోవాలి.

చివరికి మాస్టారు పుస్తకం చంకన పెట్టుకుని తెనాలి వెళ్లారు. సర్వీస్ సెంటర్‌లో గ్రేడు, ప్రమాణం జాబ్ కార్డులో రాయించారు. తగ్గితే పోసుకోవడానికి అదే రకం లీటరు డబ్బా ఒకటి బిల్లుతో సహా కొన్నారు. అది ఖాళీ అయ్యాక పాత సామాన్లవాడికి వేసేముందు కత్తితో రెండు గాట్లు పెట్టాలని కూడా అనుకున్నారు. నకిలీ ఆయిల్ నింపేది అలాంటి డబ్బాల్లోనేగా! ఇంటికొచ్చాక మెకానిక్ డబ్బా మూత తీసి వేలితో రాసి చూశాడు.

‘ఇదీ నీళ్లలానే ఉందిగా మాస్టారూ...’