బిడ్డకు పడనిదేదో తెలిసికొనుట

ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్న పిల్లవాని యొంట దద్దురులు లేచినచో మన యిండ్లలో తీర్పులు వెంటనే వెలువడుచున్నవి. ఒకరు వేడి చేసినదందురు. ఒకరు దిష్టి యందురు. వేరొకరు శనగకాయలు పడలేదని యానాటితో మాన్పింతురు. కొన్నాళ్ళకు పాలు, ఆపై గ్రుడ్డు మానిపించుట జరుగును. తుదకు బిడ్డ విస్తరిలో చారన్నము మాత్రమే మిగులును. ఎదుగు వయస్సున ఊహమీద ఆహారమును తగ్గించుట మేలు కాదు.

అట్లని నిజమైన ఎలర్జీని ఉపేక్షింపరాదు. సాధారణముగా అది తిన్న కొలది నిమిషములు మొదలు రెండు గంటలలోపల దద్దురులు, పెదవుల వాపు, వాంతి, దగ్గు రూపమున బయటపడును. ఊపిరి యాడకున్నను, బిడ్డ సోలిపోవుచున్నను ఇంటి వైద్యమునకు తావు లేదు. తత్‌క్షణమే 108కి ఫోను చేయవలెను. అట్టి స్థితిలో అడ్రినలిన్ సూదిమందే మొదటి చికిత్స. పాలు త్రాగిన పిదప కడుపుబ్బరము, విరేచనములు మాత్రమే కలిగినచో అది పాలలోని చక్కెర జీర్ణము కాకపోవుటయు కావచ్చును; అది ఎలర్జీ కాదు.

రక్తపరీక్ష యొక్కటే తీర్పు చెప్పజాలదు. కర్ణాటకమునందలి బడిపిల్లలను పరీక్షించి 2020లో ప్రకటించిన పరిశోధనలో, సుమారు ఐదుగురిలో ఒకరికి రక్తమున ఏదో యొక ఆహారమునకు ప్రతిచర్య కానవచ్చినది. నిజముగా ఎలర్జీ యున్నవారు వేయిమందిలో ఇద్దరికి మించలేదు. కావున వైద్యునకు పరీక్షాఫలితము కంటె తల్లి చెప్పు వృత్తాంతమే ముఖ్యము. ఏమి తిన్నది, ఎంత తిన్నది, ఎన్ని గంటలకు తిన్నది, ఎంతసేపటికి దద్దురులు లేచినవి, మునుపు అదే తిన్నపుడేమైనది అను వివరములను ఒక పుస్తకమున తెలుగులోనే వ్రాసియుంచుడు. అనుమానమున్న వస్తువును ఇంట మరల తినిపించి చూడవలదు. ఆ పరీక్ష వైద్యుని కనుసన్నలలోనే జరుగవలెను.

ఇచట మన భాషాసమస్య యొకటి గలదు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరిన నాటినుండి మనము కన్నడము చక్కగనే నేర్చితిమి. అయినను వంటింటి మాటలు తెలుగుగనే నిలిచినవి. మనము ‘శనగ’ యన్నచో వైద్యుడు ‘శేంగా’ యని వినవచ్చును. కన్నడమున శేంగా యనగా వేరుశనగ. మన శనగలు వారికి ‘కడలె’. దానికి ‘కాయి’ చేరినచో మైసూరు వైపు మరల వేరుశనగయే! బజ్జీలో శనగపిండి, ఉగ్గానిలో పుట్నాల పొడి, ప్రక్కన వేరుశనగ యుండగా ఈ పొరపాటు చిన్నది కాదు. సాధ్యమైనచో ఆ గింజనే కాగితమున పొట్లము కట్టి తీసికొనిపోవుట మేలు.

2020 నాటి కేంద్ర నిబంధనల ననుసరించి పాలు, గ్రుడ్డు, వేరుశనగ, గోధుమ, సోయా మున్నగునవి యున్నచో పొట్లములపై ప్రకటింపవలెను. కాని ఆ ప్రకటన ఇంగ్లీషున గాని హిందీలో గాని యున్న చాలును. తెలుగు మాత్రమే చదువ నేర్చిన అవ్వకు దానివలన ప్రయోజనమేమి? బిడ్డకు తినిపించునది తరచుగా ఆమెయే.

కావున మన సంఘము ఈ యాహారముల పేర్లను తెలుగు, కన్నడము, ఉర్దూ, ఇంగ్లీషు భాషలలో ఒక్క కాగితమున ముద్రించి ఇంటింటికి పంచవలెనని మా సూచన. ఉభయభాషలు తెలిసిన యువకులు అవసరమైన తల్లులకు ఆసుపత్రిలో తోడు నిలువవలెను. మాతృభాషాభిమానమునకు ఇంతకంటె ప్రయోజనకరమైన పని వేరొకటి యుండునా?