రేకు డబ్బా కిరీటం

వేషం కట్టి వీధిలోకి రావడం తెలుగువారికి కొత్త సంగతి కాదు. పగటివేషగాళ్ళు, దసరా నాటి పులివేషాలు, తిరుపతి గంగమ్మ జాతరలో భక్తులు రోజుకొకటిగా ధరించే వేషాలు మన పాఠకులలో చాలామంది కళ్ళారా చూసినవే. వేషం వెనుక ఒక కథా, ఆ కథ వెనుక ఎంతో కొంత చరిత్రా ఉంటాయన్నది కూడా ఎరిగినదే. అయితే వేషం వెనుక ఒక చందాల పుస్తకం, ఒక అంత్యక్రియల నిధి ఉండటం మాత్రం కొంత వింతగా తోచవచ్చు. ఈ మాసం ముచ్చట అటువంటి ఒక సంఘాన్ని గురించి.

అమెరికాలో మిసిసిపీ నది ఒడ్డున న్యూ ఆర్లియన్స్ అనే నగరం ఉన్నది. 1718లో ఫ్రెంచివారు నెలకొల్పిన ఊరు. ఈస్టరుకు సరిగ్గా 47 రోజుల ముందు వచ్చే మంగళవారాన్ని అక్కడ ‘మార్డీ గ్రా’ పేరుతో మహోత్సవంగా జరుపుకొంటారు. మరునాటి నుంచి ఉపవాస దీక్షా కాలం ఆరంభమవుతుంది కనుక, దానికి ముందే తిని, త్రాగి, ఆడి, పాడి మనసు తీర్చుకునే పండుగ అది. 1857లో ‘కోమస్’ అనే సంఘం కాగడాల వెలుగులో ఊరేగింపు జరిపింది. 1872లో ‘రెక్స్’ అనే సంఘం ఏర్పడి తన రాజును ఏకంగా ఉత్సవానికే రాజుగా ప్రకటించింది. పట్టు వస్త్రాలు, రత్నాల కిరీటం, రాజదండం, సకల లాంఛనాలు! ఇవన్నీ ఊరిలోని సంపన్న శ్వేతజాతీయుల సంఘాలు. నల్లజాతివారికి వాటిలో సభ్యత్వం లేదు. వారికి దక్కిన పాత్ర కాగడాలు మోయడం.

ఇటువంటి ఊరిలో 1909వ సంవత్సరపు మార్డీ గ్రా నాడు విలియం స్టోరీ అనే నల్లజాతీయుడు రాజుగా వెలిశాడు. ఆయన కిరీటం కొవ్వు అమ్మే రేకు డబ్బా. రాజదండం అరటి గెల కాడ. అనుచరులు చిరుగుల లాగులు తొడుక్కుని వెంట నడిచారు. రాజు బిరుదం ‘జులూ’. కూలిపని చేసుకునే ఈ మిత్రబృందం ఒక నాటకశాలలో జులూ రాజును గురించిన హాస్య ప్రదర్శన చూసి, ఆ ఉత్సాహంలో వేషం కట్టిందని ప్రచారంలో ఉన్న కథ. అసలు పుట్టుక ఇంత తేలికైనది కాదని సంఘపు చరిత్రకారులే చెబుతారు. ఏది ఏమైనా ఆ పేరు ఊరికే గాలిలోంచి ఊడిపడినది కాదు. దక్షిణాఫ్రికాలో జులూ సైన్యం 1879 జనవరి 22న ఇసాండ్ల్వానా వద్ద బ్రిటిష్ దళాన్ని చిత్తుగా ఓడించింది. ఆధునిక తుపాకులున్న సైన్యంపై ప్రధానంగా ఈటెలతో సాధించిన ఆ విజయం ప్రపంచమంతా మారుమ్రోగింది. (ఆ జులూ దేశం ప్రక్కనే ఉన్న నేటాల్ చెరకు తోటలకు 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా మన తెలుగు కూలీలు కూడా వెళ్ళారు. వారి కథ వేరొక పర్యాయం.)

ఈ పరిహాసం ఎవరి మీదనో వేరే చెప్పనక్కరలేదు. అక్కడ రత్నకిరీటం, ఇక్కడ రేకు డబ్బా.

1916లో ఈ బృందం అధికారికంగా నమోదయింది. పేరు ‘జులూ సోషల్ ఎయిడ్ అండ్ ప్లెజర్ క్లబ్’. సహాయం, సరదా రెండూ పేరులోనే ఉన్నవి. వాటిలో సహాయం ముందు రావడం గమనార్హం. ఆ రోజులలో నల్లజాతి కార్మికునికి సరసమైన జీవిత బీమా గగనకుసుమం. కనుక వారు పేటపేటకూ పరస్పర సహాయ సంఘాలు పెట్టుకున్నారు. స్వల్ప చందా కడితే జబ్బు చేసినప్పుడు కొంత సొమ్ము, కన్నుమూస్తే గౌరవప్రదమైన అంత్యక్రియలు. శ్మశానానికి బ్యాండు మేళం మెల్లగా, విషాదంగా వాయిస్తూ సాగుతుంది. తిరుగు ప్రయాణంలో అదే మేళం హుషారైన వరుస ఎత్తుకుంటుంది. జులూ సంఘానికి పునాది ఈ ఏర్పాటే. మన టౌన్‌షిప్‌లో సహోద్యోగి ఎవరైనా గతించినప్పుడు జీతాల నుంచి కొంత మినహాయించి ఆ కుటుంబానికి అందజేయడం మనకు అలవాటే కదా. ఆ ఊరిలో అట్టి ఏర్పాటును యాజమాన్యమూ చేయలేదు, ప్రభుత్వమూ చేయలేదు. వారే చేసుకున్నారు.

1915లో మొదటి శకటం బయలుదేరింది. సరుకుల పెట్టెలను బండిపై పేర్చి, తాటి జాతి మట్టలతో, చెట్టు నాచుతో అలంకరించినదది. ఆ తరువాత దశాబ్దాల పాటు వారి ఊరేగింపు సాగింది వెనుక వీధులలోనే. చందా ఇచ్చిన పానశాల వద్ద, అంత్యక్రియలు నిర్వహించే సంస్థ వద్ద ఆగుతూ, త్రాగుతూ, నవ్వుతూ, తమ పేటలలో తమవారి నడుమ సాగిన వేడుక అది.

ఇక కొబ్బరికాయ సంగతి. ధనిక సంఘాలవారు శకటాల మీది నుంచి గాజు పూసల దండలు విసిరేవారు. జులూవారికి అంత స్తోమత లేదు. అంగడిలో చవుకగా దొరికే కొబ్బరికాయలు పంచారు. తరువాత వాటిని గీకి, రంగులు పూసి, తళుకులు అద్ది ఇవ్వసాగారు. నేడు ఆ ఊరిలో అంతకు మించిన ప్రసాదం లేదు. మనమైతే కాయ చేతికి రాగానే పగులగొట్టి పచ్చడి మాట తలపెడతాము; వారు అద్దాల బీరువాలో దాచుకుంటారు. అయితే ఎత్తైన శకటం మీది నుంచి విసిరిన కాయ తలకు తగిలితే ఏమగునో ఊహించుకోవచ్చు. దావాలు పడ్డాయి, బీమా కంపెనీ తప్పుకున్నది. చివరకు 1988లో లూసియానా రాష్ట్ర శాసనసభ, అలంకరించిన కొబ్బరికాయ వల్ల కలిగే గాయాల బాధ్యత నుంచి సంఘాన్ని మినహాయిస్తూ చట్టం చేసింది. విసరరాదు, చేతికి అందించాలి. ఒక కొబ్బరికాయకు ఇంతటి శాసనబలం మరెక్కడా ఉండి ఉండదు.

1949లో విశ్వవిఖ్యాత ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ జులూ రాజయ్యాడు. ఆ ఊరి పేదవాడలో పుట్టినవాడు. తనకది జీవితకాలపు గౌరవమని భావించాడు. ‘టైమ్’ పత్రిక ముఖచిత్రంగా ఆయన బొమ్మ వేసింది. విమర్శలు కూడా వచ్చాయి. జులూ సభ్యులు ముఖానికి నల్లరంగు, కళ్ళ చుట్టూ పెదవుల చుట్టూ తెల్లరంగు పూసుకుని గడ్డి లంగా కడతారు. పందొమ్మిదవ శతాబ్దంలో శ్వేతజాతి నటులు నల్లవారిని హేళన చేయడానికి వేసిన వేషం కూడా దాదాపు ఇటువంటిదే. 1960 దశాబ్దంలో పౌరహక్కుల ఉద్యమం ఉద్ధృతంగా సాగుతుండగా, ఈ వేషం మన జాతికి అవమానమని నల్లజాతి సంఘాలే నిరసన ప్రారంభించాయి. సభ్యుల సంఖ్య సుమారు 16కు పడిపోయింది. మేము ఎగతాళి చేస్తున్నది రాజుగారి దర్పాన్ని, మమ్మల్ని మేము కాదు అని సంఘం వాదన. మీ ఉద్దేశం ఏదైనా చూసేవాడు నవ్వుతున్నది మనల్ని చూసి అని ప్రత్యర్థుల వాదన.

ఈ వివాదంలో పూర్తిగా ఒక పక్షాన నిలవడం నాకు సాధ్యం కాలేదు. వెనుక వీధిలో తమవారి మధ్య ఆ నవ్వుకు ఒకే అర్థం ఉన్నది. రేకు డబ్బా ఎందుకు నెత్తిన పెట్టుకున్నాడో అక్కడ అందరికీ తెలుసు. అదే ముఖం పత్రికలకెక్కి దూరప్రాంతాలకు చేరేసరికి అర్థం చెప్పడానికి వేషగాడు ప్రక్కన లేడు. నిరసించినవారి బాధ నిజమైనదే. ఆ పదహారు మంది సంఘాన్ని మూసివేయకుండా నిలబెట్టడమూ చిన్న విషయం కాదు. వారు చేతులెత్తేసి ఉంటే వేషంతో పాటు చందాల పుస్తకం కూడా మూతపడేది. 1968లో తొలిసారిగా జులూ ఊరేగింపు సెయింట్ చార్లెస్ అవెన్యూ, కెనాల్ స్ట్రీట్ అనే రాజవీధులలో నడిచింది. వివాదం మాత్రం సమసిపోలేదు. 2019లోనూ ముఖానికి రంగు మానండని కొందరు కోరారు, సంఘం అంగీకరించలేదు.

ఇప్పుడు సభ్యులు వందలలో ఉన్నారు. పండుగ ముందురోజైన సోమవారం నది ఒడ్డున పార్కులో ప్రజలందరికీ సంగీతోత్సవం జరుపుతారు. క్రిస్మస్‌కు పేద పిల్లలకు బొమ్మలు పంచుతారు. సంఘానికి సొంత భజన బృందం వంటి గాయక బృందం కూడా ఉన్నది.

2005 ఆగస్టు 29న కత్రీనా తుఫాను వచ్చినప్పుడు నగరంలో సుమారు 80 శాతం నీట మునిగింది. ఇంజనీరుగా చెప్పదగిన మాట ఒకటున్నది. కొన్ని కాలువల వెంట కట్టిన వరద గోడలు నీరు అంచు దాటి పొర్లక ముందే, పునాది మట్టి జారి ఒరిగిపోయాయి. సభ్యులు ఊళ్ళు పట్టి చెదిరిపోయారు. అయినా 2006 ఫిబ్రవరి 28న జులూ రాజు వీధిలోకి వచ్చాడు.

2020లో వచ్చిన కష్టం మరొక తీరుది. ఫిబ్రవరి 25న పండుగ ముగిసిన కొన్ని వారాలకే కోవిడ్ ఆ ఊరిని చుట్టుముట్టింది. సంఘ సభ్యులు పలువురు మరణించారు. నలుగురు గుమికూడరాదన్న ఆంక్షల వల్ల, మేళతాళాలతో సాగనంపడం కోసమే పుట్టిన సంఘం తనవారిని మేళం లేకుండా సాగనంపవలసి వచ్చింది. 2021లో ఊరేగింపులు రద్దయ్యాయి. 2022 మార్చి 1న శకటాలు మళ్ళీ కదిలాయి. కొబ్బరికాయలను ఎప్పటివలెనే చేతికి అందించారు.